శిక్షను బేరపు సరుకు చేసినప్పుడు
(ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల తెలుగు సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈనాటి సభలో మేము మాట్లాడవలసిన విషయం వేరు. సంఘ చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాని నిన్న సాయంకాలం మా చేతికొక లేఖ వచ్చినది. నిమ్‌పురా, మధురాకాటీ లైన్ల నుంచి కొందరు యువ కార్మికులు సంతకాలు చేసి పంపిన లేఖ అది. 2024 డిసెంబరులో జరిగిన గుర్తింపు ఎన్నికల ముందు మన సంఘం చందా మాని అవతలి పక్షానికి వెళ్లినవారి జాబితా తయారుచేయాలనీ, వారికి చార్జిషీటు వచ్చినా, బదిలీ వచ్చినా, క్వార్టరు విషయంలో ఇబ్బంది వచ్చినా సంఘం తరఫున ఎవరూ వెంట నిలబడరాదనీ తీర్మానం చేయమని అందులో కోరినారు. “రెండు సంవత్సరాలు ఎండబెడితే వారే తిరిగి వస్తారు” అని కూడ వ్రాసినారు.

ఆ లేఖలో ఆవేశమున్నది. ఆ ఆవేశం వెనుక న్యాయమైన బాధ కూడ ఉన్నది. రాత్రింబవళ్లు తిరిగి సంఘాన్ని నిలబెట్టినవారికి మాత్రమే తెలిసే బాధ అది. దానిని మేము చులకన చేయము. అయినా ఆ తీర్మానంలో చెప్పిన ఆయుధం ఎవరిదో, దానిని మనమీద ఎవరు ఎలా ప్రయోగించినారో చెప్పకుండా మేము కూర్చోలేము. కాబట్టి చరిత్ర చెప్పమన్న పెద్దల మాటా నెరవేరుతుంది, లేఖకు సమాధానమూ వస్తుంది.

శిక్ష అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతున్నాము. నిజానికి అందులో రెండు వేర్వేరు వస్తువులున్నవి. తప్పు చేసినవానికి, ఆ తప్పును విచారించి, దానికి తగినంత మేరకు వేసే శిక్ష ఒకటి. అది పడుతుంది, తీరుతుంది, మనిషి మళ్లీ పనిలోకి వస్తాడు. రెండవది తాకట్టు వంటిది. జీతాలనాడు గేటు దగ్గర కూర్చునే వడ్డీ వ్యాపారిని మన తండ్రులందరూ ఎరుగుదురు. ఆయనకు మన ఇంటి ఆడవారి గాజులమీద మోజు లేదు. అవి తన పెట్టెలో ఉన్నంతకాలం మనం తన మాట వింటామని ఆయనకు తెలుసు. అట్లే ఒక ఉద్యోగాన్నో, ఇంటినో, పింఛనునో పట్టుకొని “నేను చెప్పినట్లు వింటే తిరిగి ఇస్తాను” అనడం రెండవ రకపు శిక్ష. ఇందులో తప్పు ఎంత అనే ప్రశ్న రాదు. ఎంత పట్టుకొంటే ఎంత వంగుతారు అన్నదే లెక్క.

ఈ ఊరికి ఈ రెండవ రకం కొత్త కాదు. 1927 ఫిబ్రవరిలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసినారు. ఆనాడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఆ ఉద్యమానికి గుండెకాయ. బరంపురం నుంచి వచ్చిన మన వి.వి.గిరిగారు దానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు. సమ్మె ముగిసినది, పనులు మొదలైనవి. కాని అదే సంవత్సరం సెప్టెంబరులో వర్క్‌షాపులో వందలాదిమందిని అవసరానికి మించిన సిబ్బంది పేరుతో తొలగించదలచినారు. దానిని కార్మికులు ప్రతిఘటించగా లాకవుట్ ప్రకటించినారు. డిసెంబరు వరకు గేట్లు తెరుచుకోలేదు. మూడు నెలలు జీతం లేని సంసారాలను తలచుకోండి. ఫిబ్రవరిలో జీతాలను గురించి, పని పరిస్థితులను గురించి మాట్లాడిన కార్మికుడు డిసెంబరు నాటికి “గేటు తెరవండి చాలు” అనే స్థితికి వచ్చినాడు. ఈ మార్పును గుర్తుంచుకోండి. తరువాత మేము చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకొక సంగతి. మన ఊరిపక్కనే హిజ్లీ ఉన్నది. ఈనాడు అది ఐ.ఐ.టి. ఆవరణ, మన పిల్లలు అందులో చదవాలని కలలు కంటాము. 1930లో అక్కడ తెరిచినది నిర్బంధ శిబిరం. విచారణ లేకుండా మనుషులను పట్టి ఉంచిన చోటు అది. 1931 సెప్టెంబరు 16 రాత్రి నిరాయుధులైన ఖైదీలమీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపినారు. నేరం రుజువు కాని మనిషిని ఎంతకాలం పట్టి ఉంచాలి? బయట ఉన్నవారు లొంగేదాకా. ఆ శిబిరపు న్యాయమంతా ఇంతే. స్వాతంత్ర్యం వచ్చినా ఆ న్యాయం అక్కడే సమాధి కాలేదు.

ఇక 1974. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ సమ్మెను కళ్లారా చూసినవారు చాలా తక్కువ. మాకప్పుడు ఇరవై ఏళ్లు. మే 8న మొదలైన సమ్మె ఇరవై రోజులు నడిచింది. దేశమంతటా సుమారు పదిహేడు లక్షలమందికి సంబంధించిన పోరాటం. ఎనిమిది గంటల పని, బోనస్, ప్రభుత్వరంగ సంస్థలతో సమానంగా జీతాలు, ఇవీ కోరికలు. ప్రభుత్వంతో చర్చలు సాగుతుండగానే మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. భారత రక్షణ నిబంధనలు, మీసా చట్టం దించినారు. వేలాదిమందిని జైళ్లలో కుక్కినారు. రైల్వే కాలనీలలో నీళ్లు, కరెంటు ఆపినారు. క్వార్టర్ల నుంచి సంసారాలను వెళ్లగొట్టినారు. ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఎవరు? 1927లో ఈ ఊళ్లో కార్మికుల ముందు నిలబడిన ఆ గిరిగారే. విధి విచిత్రం అందామా, రాజ్యాంగ పదవి పరిమితి అందామా, మీరే చెప్పండి. మేము ఆయనను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. పీఠంమీద ఎవరు కూర్చున్నారన్న దానికన్న చేతిలో ఏ పనిముట్టు ఉన్నదన్నదే ముఖ్యమని చెప్పడానికి చెబుతున్నాము.

ఆ పనిముట్లలో రెండింటిని విడదీసి చూడాలి. మొదటిది 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలోని 14(ii). విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి తాను తృప్తిపడి, కారణాలు కాగితంమీద వ్రాసిపెడితే, చార్జిషీటు లేకుండా, సాక్షి లేకుండా, మన మాట వినకుండా ఇంటికి పంపవచ్చు. రెండవది సర్వీసులో విరామం, మనవాళ్ల నోట ‘బ్రేక్ సర్వీస్’. పేరు వింటే చిన్న గీతలాగ కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లు పనిచేసిన ఫిట్టరు ఆ గీత అవతల కొత్తగా చేరినవాడితో సమానం. పింఛను లెక్క, సీనియారిటీ, నిలవ సెలవు, అన్నీ ఆ గీతలో పడిపోతాయి. మొదటిది కొందరి మెడమీద కత్తి. రెండవది లక్షలమంది జేబులో చెయ్యి.

ఇప్పుడు ఆలోచించండి. పదిహేడు లక్షలమందిని నిజంగా ఇంటికి పంపితే రైళ్లు ఎవరు నడుపుతారు? ఆ సంగతి ప్రభుత్వానికి మనకన్న బాగా తెలుసు. ఆ శిక్షలు అమలులో శాశ్వతంగా ఉంచడానికి వేసినవి కావు. తిరిగి ఇవ్వడానికి వేసినవి. సమ్మెకు ముందు యాజమాన్యం వద్ద మనకు ఇవ్వడానికి ఉన్నది బోనస్ ఒక్కటే. దానికి డబ్బు ఖర్చవుతుంది. సమ్మె తరువాత వారి చేతిలో వేలాది ఉద్యోగాలు, లక్షల సర్వీసు సంవత్సరాలు ఉన్నవి. వాటిని తిరిగి ఇవ్వడానికి ఒక పైసా ఖర్చు లేదు. మన వస్తువునే మనకు అమ్మినారు! మే నెలాఖరులో సమ్మె ముగిసే సమయానికి కోరికల పత్రం మారిపోయినది. బోనస్ మాట అడుగునపడి, “డిస్మిస్ అయినవారిని తీసుకోండి, బ్రేక్ ఎత్తివేయండి” అనేది పైకి వచ్చినది. 1927 డిసెంబరు మళ్లీ వచ్చినదన్నమాట.

అందులోను ఒక్కసారిగా తిరిగి ఇవ్వలేదు. ఒక్కొక్కరిగా, విన్నపం పెట్టుకొన్నవారిని ముందుగా, తలెత్తి మాట్లాడినవారిని వెనుకగా తీసుకొన్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్న సామెత మనకున్నది. వారు జుట్టు పట్టుకొని మనచేత కాళ్లు పట్టించుకొన్నారు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి, మధు దండవతే రైల్వే మంత్రి అయిన తరువాతనే మిగిలినవారి సంగతి తేలినది, సర్వీసు విరామాలు తొలగినవి. బోనస్, ఉత్పాదకతతో ముడిపెట్టిన రూపంలో, 1979లో వచ్చినది. అంటే ఓడిపోయినదన్న సమ్మె కోరిన కోరిక అయిదేళ్లలో నెరవేరినది. శిక్ష కోరికను చంపలేకపోయినది. అది చంపినది మరొకదానిని. ఈ యాభై ఏళ్లలో రైల్వేలో అటువంటి అఖిల భారత సమ్మె మరొకటి జరగలేదు. భయం తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వచ్చినది, క్వార్టరు రాకపోయినా.

న్యాయస్థానాల మాట త్వరగా చెప్పి ముందుకు పోతాము. 1985 జులై 11న తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు, విచారణ లేకుండా తొలగించే రాజ్యాంగపు మినహాయింపును సమర్థించినది. అధికారి వ్రాసిన కారణాలను కోర్టు పరిశీలించవచ్చునన్న చిన్న కిటికీ మాత్రం మిగిల్చినది. ఆ కిటికీ నుంచే తరువాత కొంత వెలుతురు వచ్చినది. 1981 లోకో సిబ్బంది సమ్మెలో 14(ii) కింద తొలగించబడినవారిని తిరిగి తీసుకోవాలని అదే సుప్రీంకోర్టు 1993 ఆగస్టులో చెప్పినది. పన్నెండేళ్లు! వారికి వచ్చిన పరిహారం మూడేళ్ల జీతం. మిగిలిన తొమ్మిదేళ్లు ఎవరి ఖాతాలో వేసుకోవాలి?

ఇదంతా పాత కథ అనుకొంటారేమో. 2003 జులైలో తమిళనాడులో లక్షకు పైగా ప్రభుత్వోద్యోగులను ఒక్క దెబ్బతో తొలగించినారు. తిరిగి తీసుకొన్నది ఎలాగ? బేషరతు క్షమాపణ వ్రాసి, ఇకముందు సమ్మె చేయమని హామీ ఇచ్చినవారిని. 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు సమ్మెకు దిగినప్పుడు గడువు సాయంత్రం ఆరు గంటలన్నారు. రానివారు తమను తామే తొలగించుకొన్నట్లన్నారు. సుమారు నలభై ఎనిమిది వేలమంది. ఎంత చమత్కారమైన మాటో చూడండి: శిక్ష వేసినవాడు ఎవడూ లేడు, పడినవాడే వేసుకొన్నాడు! యాభై రోజులకు పైగా సాగిన ఆ సమ్మెలో ప్రాణాలు తీసుకొన్నవారున్నారు. నవంబరు 25న సమ్మె విరమించినా గేట్లు వెంటనే తెరవలేదు. నాలుగు రోజులు నిలబెట్టి, అప్పుడు రమ్మన్నారు. డిసెంబరు 1న కార్మికులను పిలిచి విందు పెట్టి, సమ్మెకాలపు జీతం ఇస్తామన్నారు. అదే నోటితో రెండేళ్లపాటు సంఘాల ఎన్నికలు వద్దన్నారు, డిపోలలో సంక్షేమ కమిటీలు పెట్టినారు. ఉద్యోగం తిరిగి ఇచ్చి సంఘాన్ని తీసుకొన్నారు. మా మాట అతిశయోక్తి అనుకొనేవారు ఈ ఒక్క బేరాన్ని చూస్తే చాలు. అక్కడ కూడ అసలు కోరిక, ప్రభుత్వంలో విలీనం, 2023లో చట్టమైనది.

అమెరికాలో మాత్రం కథ కొంచెం వేరుగా నడిచినది, నిజాయితీగా అది కూడ చెప్పాలి. 1981 ఆగస్టులో రీగన్ పదకొండు వేలమందికి పైగా విమాన నియంత్రణ సిబ్బందిని తొలగించి, తిరిగి తీసుకోలేదు. వారిమీద ఉన్న నిషేధం 1993లో గాని తొలగలేదు. అది ఆ పదకొండు వేలమందితో బేరం కాదు. మిగతా దేశానికి చూపిన దిష్టిబొమ్మ.

రోజువారీ జీవితంలో ఇంత గొప్ప పేర్లుండవు. అక్కడ ఒక చిన్న మాట చాలు. మన నిబంధనలలో చిన్న శిక్షల కింద పాసులు, పి.టి.ఓ.లు నిలిపివేయడం ఒకటి ఉన్నది. బెంగాలీ సోదరునికి అది చిన్నదే కావచ్చు. శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ముసలి తల్లిని విడిచివచ్చిన తెలుగువానికి సంక్రాంతికి పాసు లేకపోవడం చిన్నదా? బదిలీని శిక్ష అని ఎక్కడా వ్రాయరు. పాలనా సౌలభ్యం అంటారు. పిల్ల పదవ తరగతిలో ఉండగా వచ్చే పాలనా సౌలభ్యం ఎటువంటిదో మీలో చాలామంది ఎరుగుదురు. పొమ్మనలేక పొగపెట్టడం అని మన అమ్మమ్మలు దానికి సరియైన పేరు పెట్టినారు. చట్టం కూడ ఈ లెక్కలో వెనుకబడలేదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం పదిమందో అంతకు మించో కూడబలుక్కొని, నోటీసు లేకుండా ఒక్కరోజు రాకపోతే ఎనిమిది రోజుల జీతం దాకా కోయడానికి వీలుండేది. ఒంటరిగా మానితే ఒక రోజు, కలసి మానితే ఎనిమిది రోజులు. ఆ ఏడు రోజుల కోత పని మానినందుకు కాదు, కలసినందుకు! 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సగంమంది ఒకేరోజు కూడబలుక్కొని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మెయే. పధ్నాలుగు రోజుల ముందస్తు నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం. దానికి జరిమానా, నెల వరకు జైలు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. లేఖ వ్రాసిన యువకులలో ఒకరు నిన్న మమ్ములను అడిగినారు కూడ: “అయ్యా, సమ్మె మాత్రం శిక్ష కాదా? పని ఆపి యాజమాన్యాన్ని వంచడం కాదా? మనం చేస్తే ఒప్పు, వారు చేస్తే తప్పా?” ఈ ప్రశ్నకు కోపగించుకోరాదు, మంచి ప్రశ్న. మా సమాధానమిది. సమ్మెలో మనం ఆపేది మన చేతుల శ్రమను. అది మనది. దానిని ఇవ్వకపోవడంవల్ల ముందుగా ఆకలిగొనేది మనమే. మనం అధికారి ఇంటిని, అతని భార్య మంచినీళ్లను, అతని ముప్పై ఏళ్ల సర్వీసును పట్టుకోవడం లేదు. తనది ఆపుకోవడం వేరు, ఎదుటివానిది లాగి పెట్టుకోవడం వేరు. ఈ గీత అన్నిచోట్ల స్పష్టంగా ఉంటుందని మేము అనము. సమ్మెలో ఇబ్బందిపడే ప్రయాణికుడు మన యజమాని కాడు. అతని నష్టానికి మన వద్ద పూర్తి జవాబు లేదు. 1901లో బ్రిటన్‌లో టాఫ్ వేల్ రైల్వే కంపెనీ ఈ నష్టం పేరునే సంఘంమీద దావా గెలిచి ఇరవై మూడు వేల పౌన్లు రాబట్టుకొన్నది. 1906లో చట్టం మారేదాకా అక్కడి సంఘాలకు ఊపిరాడలేదు. అయినా ఆ గీత ఉన్నది. ఆ గీతకు ఇవతల నిలబడినంతకాలమే మనకు మాట్లాడే హక్కు.

మరి మనం ఎల్లప్పుడూ ఇవతలే నిలబడ్డామా? లేదు. ఇది చెప్పడానికి మాకు నోరు రావడం లేదు, అయినా చెప్పాలి.

1974 సమ్మెలో మా లైనులో ఒకాయన ఆరవ రోజున డ్యూటీకి వెళ్లినాడు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, మంచంలో తల్లి. క్వార్టరు ఖాళీచేయమని నోటీసు వచ్చిన మరునాడే వెళ్లినాడు. సమ్మె ముగిసిన తరువాత మేమందరం ఆయనతో మాటలు మానినాము. కుళాయి దగ్గర ఆయన ఇంటి ఆడవాళ్లు బిందె పెడితే మన ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. మాతా పూజకు చందా అడగలేదు. ఎవరూ తీర్మానం చేయలేదు; ఎవరూ చెప్పనక్కరలేదు. మరుసటి చలికాలంలో ఆయన తల్లి చనిపోయినది. శవం వాకిట్లో ఉన్నది. మన లైనులో ముప్పై తెలుగు ఇళ్లు. పాడె మోయడానికి నలుగురు రాలేదు. మేము కిటికీలోనుంచి చూస్తూ ఉన్నాము. మేము అంటే ఇక్కడ ఇప్పుడు మాట్లాడుతున్న మేమే. చివరకు పక్క లైనులోని ఇద్దరు బెంగాలీలు, ఒక ఒరియా ఖలాసీ వచ్చి భుజం పట్టినారు. నాలుగవ కొమ్ము ఆయనే పట్టుకొన్నాడు.

ఆయన తిరిగి సంఘంలోకి వచ్చినాడా? రాలేదు. భయపడి అవతలివారెవరైనా నిలిచిపోయినారా? అదీ లేదు. ఆయన అల్లుడు తరువాత షాపులో చేరినాడు. అతనికొకసారి అన్యాయంగా చార్జిషీటు వచ్చినది. మా వద్దకు రమ్మని కబురు చేసినాము. రాలేదు. అధికారి గదికి వెళ్లినాడు. అక్కడ అతనికి క్షమాపణ దొరికినది, దాని ఖరీదుగా మన కార్మికులు ఇద్దరిమీద సాక్ష్యం అడిగినారు. అతను ఇచ్చినాడు. ఆ ఇద్దరి ఇంక్రిమెంట్లు మూడేళ్లు ఆగినవి. అతనిని తిట్టినవారు చాలామంది. అతనిని ఆ గది గడపదాకా తోలినది ఎవరో చెప్పినవారు లేరు.

కాబట్టి లేఖలోని తీర్మానాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. చార్జిషీటు వచ్చిన కార్మికుని పక్కన కూర్చోవడం సంఘం చేసే దయ కాదు, నచ్చినవారికి పంచే ప్రసాదం అంతకన్న కాదు. దానిని మనం ఆపితే ఆ కార్మికుడు మన వద్దకు రాడు, అధికారి వద్దకు వెళ్తాడు. మనం పట్టుకొన్న తాకట్టును విడిపించే పెట్టె అవతలివారి గదిలో ఉన్నది. చందా మానినవారిమీద సంఘానికి న్యాయమైన చర్యలు లేకపోలేదు. వారికి సంఘపు ఎన్నికలలో ఓటు వద్దు, పదవి వద్దు, సంఘపు సొమ్ముతో నడిచే సహాయనిధిలో వాటా వద్దు. అవి మనవి, మనవాటిని ఆపుకోవచ్చు. ఎందుకు వెళ్లిపోయినారని వారి ఇంటికి వెళ్లి అడగండి. మేము ముగ్గురిని అడిగినాము. ఒకరు, క్వార్టరు పైకప్పు కారుతున్నదని మూడుసార్లు చెప్పినా మన ప్రతినిధి వచ్చి చూడలేదన్నాడు. ఆ జవాబు మాకు రుచించలేదు. నిజమేనని విచారిస్తే తేలినది.

సవరణ ఈ విధంగా వ్రాసి అధ్యక్షులవారికి ఇచ్చినాము: క్రమశిక్షణ విచారణ ఎదుర్కొంటున్న ఏ కార్మికుడైనా, ఏ జెండా పట్టినవాడైనా, అడిగితే డిఫెన్స్ సహాయకుని సంఘం ఇవ్వాలి. రిటైరైన ఉద్యోగి కూడ ఆ పనికి కూర్చోవచ్చు గనుక మా పేరు ముందుగా వ్రాసుకోండి. వచ్చే మంగళవారం ఒక విచారణ ఉన్నది. ఆ కార్మికుని పేరు మీ జాబితాలో మూడవదిగా ఉన్నది. ఉదయం పదిన్నరకు. కాగితాలు చదవడానికి ఒక యువకుడు మాతో రావాలి. లేఖమీద మొదటి సంతకం చేసినవారు వస్తే సంతోషిస్తాము.